పెరిగిందా, తగ్గిందా: మెదడులోని గడ్డను కొలిచే తీరు



మెదడులో గడ్డ ఉందని తెలిసిన రోజున ఇంటిల్లిపాదీ భయపడతారు. దాన్ని మించిన భయం మరొకటి ఉంది. ఆపరేషన్ అయింది. ఆరు వారాలు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకున్నారు, రోజూ మాత్రలు వేసుకున్నారు. నెల తిరిగాక ఎమ్మారై తీస్తే, రిపోర్టులో ‘మునుపటికన్నా పెరిగినట్టు కనిపిస్తోంది’ అని రాసి ఉంటుంది. శ్రీకాకుళం నుంచో, పార్వతీపురం నుంచో, ఆ పక్క కోరాపుట్ నుంచో రైలెక్కి విశాఖ వచ్చిన కుటుంబాలు ఆ ఒక్క వాక్యం చదువుకుని, ఇక లాభం లేదనుకుని వైద్యం మానేసి ఇంటిదారి పట్టడం స్కానింగ్ విభాగంలో పనిచేసిన నేను చూశాను. అందులో కొందరికి నిజంగా గడ్డ పెరగలేదు. ఈ మాట చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను.

ముఖ్యంగా గ్లయోబ్లాస్టోమా గురించి చెబుతాను. పెద్దవాళ్లలో మెదడులోనే పుట్టే క్యాన్సర్లలో ఎక్కువగా కనబడేది ఇదే, బాగా మొండిదీ ఇదే. 2005లో స్టుప్ అనే వైద్యుడి నాయకత్వంలో యూరప్, కెనడా ఆసుపత్రులు కలిసి చేసిన పరిశోధన బయటికి వచ్చాక దీని వైద్యం ప్రపంచమంతా ఒకే దారిన పడింది. తీయగలిగినంత గడ్డ తీసేయడం, తర్వాత 30 విడతల్లో 60 గ్రేల రేడియేషన్, దాంతోపాటు రోజూ టెమోజోలమైడ్ మాత్ర, ఆపైన నెలకు ఐదు రోజుల చొప్పున మరికొన్ని నెలలు అదే మాత్ర. ఒట్టి రేడియేషన్‌తో సగం మంది దాటిన గడువు 12.1 నెలలైతే, మాత్ర కలిపాక అది 14.6 నెలలైంది. ఆ పెరిగిన కాలం చిన్నదే. అందుకే ప్రతి నెలా విలువైనదే, ప్రతి స్కాన్ మీదా తీసుకునే నిర్ణయం బరువైనదే. పనిచేస్తున్న మందును తొందరపడి ఆపినా నష్టమే, పనిచేయని మందును పట్టుకుని కూర్చున్నా నష్టమే.

ఒకప్పుడు ఈ ప్రశ్నే లేదు. విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి (కేజీహెచ్)లో 1950ల్లో డాక్టర్ బాలపరమేశ్వరరావు గారు న్యూరోసర్జరీ విభాగాన్ని నెలకొల్పిన నాటికి, గడ్డను ఇప్పటిలా స్పష్టంగా చూపించే యంత్రం ప్రపంచంలో ఎక్కడా లేదు. మెదడు లోపలి గదుల్లోకి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. లేదా మెడలోని రక్తనాళంలోకి మందు పంపి, నాళాలు ఎటు ఒరిగాయో చూసేవారు. గడ్డ తాలూకు ఒత్తిడి కనిపించేదే గాని గడ్డ కనిపించేది కాదు. 1971 అక్టోబరు 1న లండన్ శివార్లలోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీ యంత్రంతో మొదటి రోగికి స్కాన్ తీశారు. ఆవిడకు అనుమానించినది మెదడులో గడ్డే. ఆ రోజుతో, కపాలం తెరవకుండా లోపలి గడ్డను స్పష్టంగా చూడటం సాధ్యమైంది. చూడగలిగాక కొలవాలనిపించడం సహజం.

సీటీ ఇప్పటికీ పనికొస్తుంది. అర్ధరాత్రి ఫిట్స్‌తో క్యాజువాలిటీకి తెచ్చిన మనిషికి రక్తస్రావం అయిందా, నీరు చేరిందా అని నిమిషాల్లో చెప్పేది అదే. పేస్‌మేకర్ కారణంగా ఎమ్మారైకి పనికిరాని వాళ్లకూ అదే దిక్కు. కానీ వైద్యం నడుస్తుండగా గడ్డ పరిమాణాన్ని నెలనెలా పోల్చడానికి సీటీ చాలదు. మెత్తని కణజాలంలోని సన్నటి తేడాలు అందులో తేలవు. ఆ పని ఎమ్మారైది.

ఎమ్మారైలో కొలిచే పద్ధతిని 1990లో మక్డోనాల్డ్ బృందం స్థిరపరిచింది. చేతి నరానికి గడోలినియం ఇంజెక్షన్ ఇచ్చాక తెల్లగా మెరిసిన భాగంలో, అన్నిటికన్నా పెద్ద అడ్డకొలత ఒకటి, దానికి నిలువుగా మరొకటి తీసుకుని రెంటినీ గుణిస్తారు. ఆ లబ్ధం సగానికి పడిపోతే మందు పనిచేసినట్టు. పావువంతు పెరిగితే రోగం ముదిరినట్టు. స్కేలు, పెన్సిలు ఉంటే చాలు. అందుకే ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది.

కానీ ఒకసారి లెక్క కట్టి చూడండి. గడ్డ అడ్డంగా, నిలువుగా నాలుగేసి సెంటీమీటర్లు ఉందనుకుందాం. లబ్ధం 16. మూడు నెలల తర్వాత నాలుగున్నర సెంటీమీటర్లు వచ్చింది. లబ్ధం 20.25. పావువంతు దాటిపోయింది, కాబట్టి మందు మార్చాలి. అర సెంటీమీటరు, అంతే తేడా! పాత పద్ధతిలో ఒక్కో ముక్క ఐదు మిల్లీమీటర్ల మందాన తీస్తారు. పడుకోబెట్టేటప్పుడు తల కాస్త వాలినా, ఈసారి ముక్క గడ్డను వేరే కోణంలో కోసినా, కొలిచిన మనిషి మారినా ఆ అర సెంటీమీటరు దానంతటదే వచ్చేస్తుంది. పైగా ఆపరేషన్ చేసిన గడ్డ గుండ్రంగా ఉండదు. మధ్యలో ఖాళీ గొయ్యి, చుట్టూ ఎగుడుదిగుడు అంచు. గొయ్యిని కూడా కలిపి కొలిస్తే లేని గడ్డను ఉన్నట్టు రాసినట్టే.

మన విశాఖ పోర్టులో ఇసుక తవ్వేవాళ్లను అడిగితే ఈ సంగతి ఇట్టే చెబుతారు. నైరుతి రుతుపవనాల కాలంలో కెరటాలు ఇసుకను ఉత్తరంగా నెట్టుకొస్తాయి, నౌకల దారి పూడిపోతుంటుంది. తవ్వక ముందు లోతు కొలుస్తారు, తవ్వాక కొలుస్తారు. ఆ రెండు కొలతలూ ఒకే మట్టం నుంచి తీయకపోతే ఎంత ఇసుక తీశారో ఎవరూ చెప్పలేరు. మెదడు స్కాన్‌కూ అంతే. రెండు స్కాన్లను ఒకే తీరున తీయకపోతే ‘పెరిగింది’ అన్న మాటకు అర్థం లేదు. అందుకే 2015లో నిపుణులంతా కూర్చుని ఒక ఉమ్మడి పద్ధతి రాసుకున్నారు. ఇంజెక్షన్‌కు ముందూ తర్వాతా ఒకే రకంగా, మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్ల పలుచని ముక్కలతో, మధ్యలో ఖాళీ లేకుండా త్రీడీ స్కాన్ తీయాలన్నది అందులో ముఖ్యమైన నియమం. దీనికి కొత్త యంత్రం కొననక్కర్లేదు. మన ఊళ్లలో ఉన్న ఒకటిన్నర టెస్లా యంత్రాలు ఈ పని చక్కగా చేస్తాయి. కావలసిందల్లా మరికొన్ని నిమిషాలు, కాస్త పట్టుదల.

అలా తీసిన స్కాన్ నుంచి గడ్డ ఘనపరిమాణం కట్టవచ్చు. ఇందాకటి గడ్డ గుండ్రనిదైతే నాలుగు సెంటీమీటర్ల వద్ద సుమారు 33 ఘన సెంటీమీటర్లు, నాలుగున్నర వద్ద సుమారు 48. అడ్డకొలతలో చిన్నగా కనిపించిన తేడా పరిమాణంలో పెద్దగా కనిపిస్తుంది. వంకరటింకర అంచు గడ్డకు న్యాయం చేసేది ఈ లెక్కే. ఒకప్పుడు ముక్కముక్కకూ చేత్తో గీత గీయాల్సి వచ్చేది, గంటలు పట్టేది. ఇప్పుడు కంప్యూటర్ గీస్తుంది. 2012 నుంచి బ్రాట్స్ అనే పేరుతో దీనికి అంతర్జాతీయ పోటీలే జరుగుతున్నాయి. అయినా కంప్యూటర్ గీసిన గీతను మనిషి కన్ను సరిచూడాలి. ఆపరేషన్ గాయాన్నీ, పాత రక్తపు మరకనీ అది గడ్డలో కలిపేయగలదు.

ఇంతవరకూ సైజు మాట. ఇక అసలు చిక్కు దగ్గరికి వస్తున్నాను, కాస్త శ్రద్ధగా వినండి.

గడోలినియం ఇచ్చాక తెల్లగా మెరిసేది గడ్డ కాదు. మెదడులోని రక్తనాళాల గోడలు చాలా గట్టివి, రక్తంలో ఉన్నదాన్నంతా మెదడులోకి పోనివ్వవు. ఆ గోడ చెడిన చోట మాత్రమే మందు బయటికి కారుతుంది, అక్కడ తెల్లగా మెరుస్తుంది. అంటే మనం కొలుస్తున్నది కారడాన్ని. క్యాన్సర్ వల్ల గోడ చెడవచ్చు. రేడియేషన్ వల్ల కూడా చెడవచ్చు. ఆపరేషన్ గాయం మానేటప్పుడూ చెడుతుంది, అందుకే ఆపరేషన్ తర్వాతి స్కాన్ రెండు మూడు రోజుల్లోపే తీయాలంటారు. ఫిలిం మీద ఈ మూడింటి తెలుపూ ఒక్కటే.

టెమోజోలమైడ్ వచ్చాక ఈ చిక్కు బాగా బయటపడింది. రేడియేషన్, మాత్ర కలిసి క్యాన్సర్ కణాలను చంపుతుంటే అక్కడ వాపు వస్తుంది, నాళాలు కారతాయి, మెరుపు పెరుగుతుంది. వైద్యం పనిచేస్తున్నందుకే స్కాన్ పాడైనట్టు కనిపిస్తుంది! నూటికి ఇరవై ముప్పై మందిలో ఇలా జరుగుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. మందు బాగా పట్టే జన్యు లక్షణం ఉన్న గడ్డల్లో మరీ ఎక్కువ. మందు మార్చకుండా ఆగితే కొన్ని వారాల్లో ఆ మెరుపు తనంత తానే తగ్గుతుంది. కరెంటు పూర్తయిన మొదటి మూడు నెలల్లో వచ్చే ‘పెరిగింది’ అన్న రిపోర్టును చూసి కుంగిపోవద్దనడానికి కారణం ఇదే.

దీనికి సరిగ్గా ఎదురు సంగతి కూడా ఉంది. బెవాసిజుమాబ్ అనే ఇంజెక్షన్‌కు 2009లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది కారే నాళాలను బిగిస్తుంది. ఒకటి రెండు రోజుల్లోనే మెరుపు మాయం. ఫిలిం చూసినవాళ్లు అద్భుతం అన్నారు. 2014లో రెండు పెద్ద పరిశోధనల ఫలితాలు వచ్చాయి. మొదటి వైద్యంతోపాటు ఆ ఇంజెక్షన్ ఇచ్చినా రోగుల ఆయుష్షు పెరగలేదు. గోడ మూసుకుంది, దాని వెనకాల గడ్డ తన పని తాను చేసుకుపోయింది. వాపు తగ్గించి తలనొప్పి నుంచి ఉపశమనం ఇవ్వడంలో ఆ మందు మేలు కాదనలేం. కానీ మెరుపు తగ్గడం, రోగం తగ్గడం ఒకటి కావని అది నేర్పింది. వాపు తగ్గించే స్టెరాయిడ్ డెక్సామెథాసోన్ (డెక్సా) కూడా కొంత ఇదే పని చేస్తుంది. స్కాన్‌కు ముందు వారం డెక్సా మోతాదు పెంచితే ఫిలిం మెరుగ్గా కనిపిస్తుంది, తగ్గిస్తే చెడ్డగా కనిపిస్తుంది. మోతాదు తెలియకుండా స్కాన్ చదవడం నా దృష్టిలో సగం చదవడమే.

ఈ అనుభవాలతో 2010లో రానో అనే అంతర్జాతీయ బృందం నియమాలు మార్చింది. వైద్యం ముగిసిన 12 వారాల లోపల, రేడియేషన్ తగిలిన చోటే మెరుపు పెరిగితే దాన్ని రోగం ముదిరినట్టు లెక్కించకూడదంది. మెరవని భాగాన్ని కూడా చూడాలంది. 2023లో మళ్లీ సవరించారు. రేడియేషన్ అయ్యాక నెలకు తీసిన స్కాన్‌నే ఇకపై పోలికకు మొదటి మెట్టుగా పెట్టుకోవాలి. ఆ తొలి మూడు నెలల్లో పెరిగినట్టు కనిపిస్తే నాలుగు వారాలకో ఎనిమిది వారాలకో మళ్లీ తీసి నిర్ధారించుకోవాలి. అడ్డకొలతలకు బదులు ఘనపరిమాణం వాడవచ్చు. గ్లయోబ్లాస్టోమాలో మెరవని భాగం కొలత సాధారణంగా అక్కర్లేదన్నారు, నాళాలను బిగించే మందు వాడినప్పుడు తప్ప. 2010లో కలిపిన నియమాన్ని ఆధారాలు చూసి తీసేయగలిగినందుకు ఈ రంగం మీద నాకు గౌరవం పెరిగింది.

నియమాలు ఆగమంటాయి. కానీ రోగి పరిస్థితి దిగజారుతుంటే డాక్టరు నెలలు ఆగలేరు. ఇది నిజమైన గడ్డా, రేడియేషన్ దెబ్బా అని తేల్చడానికి మిగతా పద్ధతులు అప్పుడు కావాలి.

మొదటిది పర్ఫ్యూజన్. గడోలినియం మెదడు గుండా మొదటిసారి పరుగెత్తే కొద్ది సెకన్లలో గబగబా చిత్రాలు తీసి, ఎక్కడ ఎంత రక్తం ఉందో లెక్కిస్తారు. బతికున్న గడ్డ కొత్త నాళాలను పుట్టిస్తుంది, అక్కడ రక్తం ఎక్కువ. రేడియేషన్‌కు చచ్చిన భాగంలో తక్కువ. మామూలు ఎమ్మారైతో కలిపి అదే పూట చేయవచ్చు, నా లెక్కలో మన ఊరికి అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడేది ఇదే. కాకపోతే ఆపరేషన్ చోట పాత రక్తమో, లోహపు క్లిప్పులో ఉంటే చిత్రం చెడిపోతుంది. ఒక సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెను ఇంకోదానితో పోల్చలేం. రెండోది డిఫ్యూజన్. కణాలు కిక్కిరిసిన చోట నీటి అణువులు మెదలలేవు, ఆ కదలికను కొలుస్తారు. త్వరగా అయిపోతుంది, ఇంజెక్షన్ అక్కర్లేదు. కానీ ఒంటరిగా దాని సాక్ష్యం బలహీనం.

మూడోది స్పెక్ట్రోస్కోపీ. ఇది బొమ్మ కాదు, రసాయనాల పట్టిక. గడ్డలో కోలిన్ పెరుగుతుంది, నరాల కణాలకు గుర్తయిన ఎన్.ఏ.ఏ. తగ్గుతుంది. వీటిని సాధారణంగా క్రియాటిన్‌తో పోల్చి నిష్పత్తి చెబుతారు. ఆ క్రియాటిన్ కొలతలో కలిసి ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి లోకానికి చెప్పినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మెదడు లింఫోమాకు ఇవాళ్టికీ మూలమైన మందు మెథోట్రెక్సేట్ కూడా ఆయన బృందం పుణ్యమే. మరో తెలుగు పేరు ఆ పట్టికలో అంకెల పక్కనే కూర్చుని ఉంటుంది. రసాయనాల అంకెలిచ్చే సాఫ్ట్‌వేర్ ప్రతి అంకె పక్కనా ‘ఇందులో ఎంత పొరపాటు ఉండవచ్చు’ అని ఒక శాతం వేస్తుంది. దానికి ఆధారం క్రామర్–రావు హద్దు. ఆ రావు, మన విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదువుకున్న కల్యంపూడి రాధాకృష్ణారావు. ఏ కొలతకైనా ఇంతకన్నా కచ్చితత్వం రాదు అనే హద్దును 1945లో, ఇరవై అయిదేళ్ల వయసులో, కలకత్తా గణిత సంఘం పత్రికలో రాశారు. ఆ శాతం 20 దాటితే ఆ అంకెను నమ్మకపోవడం స్పెక్ట్రోస్కోపీలో వాడుక. వాల్తేరులో చదివిన కుర్రవాడి గణితం, ఎక్కడో ఒక రోగి మెదడు కొలతలో ఏ అంకెను నమ్మాలో చెబుతోందంటే ఈ ఊరివాడిగా నాకు ఒళ్లు పులకరిస్తుంది. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

స్పెక్ట్రోస్కోపీకి లోపం లేకపోలేదు. సెంటీమీటరు పైబడిన ముక్కను ఒకటిగా కొలుస్తుంది, అందులో గడ్డ, చచ్చిన కణజాలం, మంచి మెదడు కలగలిసిపోతాయి. పరిమాణం కొలవడానికి అది పనికిరాదు. స్వభావం చెప్పడానికి పనికొస్తుంది.

ఇక పెట్ స్కాన్. ఒంట్లో మిగతా క్యాన్సర్లకు వాడే చక్కెర పెట్ మెదడుకు అంతగా కుదరదు. మెదడే చక్కెర మీద బతుకుతుంది, అంతటా వెలిగిపోతుంది, ఆ వెలుగులో గడ్డ దాక్కుంటుంది. మెదడుకు సరైనది అమైనో ఆమ్లాల పెట్. మంచి మెదడు వాటిని తక్కువగా తీసుకుంటుంది, గడ్డ ఎక్కువగా తీసుకుంటుంది, పైగా నాళం గోడ చెడకపోయినా గడ్డను చూపిస్తుంది. 2016లో రానో బృందం దీన్నే మెచ్చుకుంది. అడ్డంకి ఏమిటంటే కాలం. కార్బన్-11తో చేసే మెథియోనిన్‌లో 20 నిమిషాలకోసారి సగం ఆవిరైపోతుంది. సైక్లోట్రాన్ పక్క గదిలో ఉంటే తప్ప అది కుదరదు. ఫ్లోరిన్-18తో చేసే మందుకు ఆ గడువు 110 నిమిషాలు. హైదరాబాద్‌లో తయారుచేసి నాలుగు గంటల్లో విశాఖ చేర్చినా మిగిలేది పావువంతు లోపే. ఎమ్మారైతో తేలని చిక్కు కేసులకే దీన్ని దాచుకోవాలి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన రెండు విషయాలు చెప్పి తీరాలి. ఉద్దానం నుంచి వచ్చేవాళ్లలో మూత్రపిండాల జబ్బు ఎక్కువ. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లకు పాతరకం గడోలినియం మందులు ఇస్తే చర్మం, కీళ్లు బిగుసుకుపోయే జబ్బు రావచ్చని 2006లో తెలిసింది. ఇప్పటి మాక్రోసైక్లిక్ రకాలు చాలా సురక్షితం. అయినా కిడ్నీ జబ్బు ఉంటే ఇంజెక్షన్‌కు ముందే చెప్పండి. ఇంజెక్షన్ లేకుండా రక్తప్రవాహాన్ని కొలిచే పద్ధతి కూడా ఎమ్మారైలో ఉంది. రెండోది, ఇది ఉక్కు నగరం. స్టీల్ ప్లాంట్‌లో, షిప్‌యార్డులో, గాజువాక షెడ్లలో గ్రైండింగ్, వెల్డింగ్ చేసిన చేతులు వేలల్లో ఉన్నాయి. ఎప్పుడో కంట్లో పడిన ఇనుప రజను లోపలే ఉండిపోతే, ఎమ్మారై అయస్కాంతం దాన్ని కదిలించి చూపుకే ముప్పు తేగలదు. టెక్నీషియన్ అడగకపోయినా ఆ పని చేసినట్టు మీరే చెప్పండి. ముందు కంటికి ఒక ఎక్స్‌రే తీస్తారు, అంతే.

నా అభిప్రాయం అడిగితే ఇలా చెబుతాను. గడ్డ పరిమాణానికి పలుచని ముక్కల త్రీడీ ఎమ్మారై, వీలైతే ఘనపరిమాణం. అనుమానం వస్తే పర్ఫ్యూజన్. అదీ తేల్చకపోతే స్పెక్ట్రోస్కోపీ, అమైనో ఆమ్లాల పెట్, చివరికి అవసరమైతే ముక్క తీసి పరీక్ష. ఏ ఒక్కటీ ఒంటరిగా తీర్పు చెప్పలేదు. అగనంపూడిలో టాటా మెమోరియల్ సంస్థ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, కేజీహెచ్ ఉంది. ఉత్తరాంధ్ర ఆసుపత్రులూ స్కానింగ్ కేంద్రాలూ కలిసి మెదడు గడ్డలకు ఒకే స్కాన్ పద్ధతిని పాటించాలని నా విన్నపం. ఖరీదైన యంత్రం తెచ్చేదానికన్నా ఎక్కువ మేలు దానివల్ల జరుగుతుంది.

రోగుల ఇంటివాళ్లకు కూడా ఒక మాట. ఫిలిములతో సరిపెట్టుకోకండి, ప్రతి స్కాన్ సీడీ అడిగి తీసుకుని భద్రం చేయండి. కుదిరినంతవరకు అదే కేంద్రంలో, అదే యంత్రం మీద తీయించండి. కరెంటు ఆఖరి రోజు తేదీ, స్కాన్ నాటికి వేసుకుంటున్న డెక్సా మోతాదు ఒక కాగితం మీద రాసి రేడియాలజిస్టుకు ఇవ్వండి. రిపోర్టులో ‘పెరిగింది’ అని ఉంటే, ఏ తేదీ స్కాన్‌తో పోల్చారని మీ డాక్టరు గారిని అడగండి. ఆ జవాబు వినేదాకా వైద్యం మానవద్దు.